మధ్యలో వచ్చేవాళ్ల కోసం ఎడిట్ చేయడం: మగ్గం ప్రాజెక్టు గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నువ్వు రాసింది క్లుప్తంగా చెప్పేస్తాను. నువ్వు హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం చదువుతున్నావు. పోచంపల్లిలో మీ తాతయ్య మగ్గం మీద ప్రాజెక్టు చేశావు. ఒక గోడ మీద 9 నిమిషాల వీడియో, ఆసు పోయడం (మేకుల చుట్టూ నూలు తిప్పడం) దగ్గర్నుంచి చీర మడత పెట్టేదాకా. ఇంకో గోడ మీద ఇంటరాక్టివ్ ముక్క: చూసేవాళ్లు గాల్లో చేయి అటూ ఇటూ ఆడిస్తే పైనున్న వెబ్‌క్యామ్ చూసి తెర మీద నాడెని, అంటే పడుగు పోగుల మధ్య నూలు లాక్కుపోయే చెక్కముక్కని, అటూ ఇటూ పంపాలి. నాడె ముందుకు బాగానే పోతోంది, వెనక్కి రమ్మంటే ఆగి ఆగి గెంతుతోంది. సాయంత్రం నాలుగు దాటాక కెమెరా చేతిని అసలు పట్టుకోవడం లేదు. వీడియో ముందు ఎవరూ నిలబడరు, 3 నిమిషాలకి తగ్గించు అన్నారు మీ సార్. తగ్గించావు. "ఇప్పుడు అందులో పని ఉంది, తాతయ్య లేడు" అని రాశావు. ప్రదర్శనకి 12 రోజులుంది, కాలేజీ ఇచ్చింది రెండు ప్రొజెక్టర్లు, ఒక ల్యాప్‌టాప్.

గ్యాలరీల్లో వీడియోలు, ఇన్‌స్టలేషన్లు అమర్చడం, వాటికి ఎడిటింగ్ చేయడం నేను 14 ఏళ్లుగా చేస్తున్నాను. తాతయ్య లేడన్న ఆ వాక్యం నన్ను కదిలించింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. టెన్షన్ పడకు, 12 రోజులు చాలు.

ముందు గెంతుల సంగతి. నీ కోడ్‌లో తప్పు లేదు, నీ ఫైల్‌లో ఉంది. ఫోన్ నుంచైనా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచైనా మామూలుగా వచ్చే హెచ్.264 (వీడియోని కుదించే ఒక పద్ధతి) ఫైల్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఎప్పుడో ఒకసారి ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు, దాని తర్వాతవన్నీ "ముందు దానికీ దీనికీ ఏం మారింది" అన్న లెక్క మాత్రమే. ఇలాంటి ఫైళ్లు తయారుచేయడానికి చాలామంది వాడే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో నువ్వేమీ మార్చకపోతే రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఉండొచ్చు, అంటే సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 10 సెకన్లు. ముందుకు నడిపేటప్పుడు ఇది అద్భుతంగా పనిచేస్తుంది, ఫైల్ చిన్నగా ఉంటుంది. కానీ నీ నాడె ఒక్క ఫ్రేమ్ వెనక్కి రావాలంటే కంప్యూటర్ వెనక ఎక్కడో ఉన్న కీఫ్రేమ్ దగ్గరికి పోయి, అక్కడ్నుంచి మళ్లీ ఒక్కో ఫ్రేమూ లెక్కేసుకుంటూ రావాలి. చూసేవాళ్లు చేయి ఎడమకి ఆడించిన ప్రతిసారీ ఈ ప్రయాణమంతా జరుగుతుంది. ఆ ఆలస్యమే నీకు గెంతులా కనిపిస్తోంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండే ఫైల్ తయారుచేసుకోవడం. ఇంటరాక్టివ్ పనులు కట్టే టచ్‌డిజైనర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నానన్నావు కాబట్టి హ్యాప్ కోడెక్ (ప్రతి ఫ్రేమునీ విడిగా కుదించే పద్ధతి) సరిపోతుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్‌తో ఉచితంగానే మార్చుకోవచ్చు. ఫైల్ బాగా పెద్దదవుతుంది, దానికి సిద్ధపడు. లెక్క ఇలా: మామూలు హ్యాప్‌లో పిక్సెల్‌కి అర బైటు, 1280×720 బొమ్మ అంటే ఫ్రేముకి దాదాపు 0.46 ఎంబీ, సెకనుకి 25 ఫ్రేములైతే 11.5 ఎంబీ. ఇది గరిష్ఠం, మామూలుగా కొంత తగ్గుతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇదేం బరువు కాదు. పెన్‌డ్రైవ్ మీద నుంచి మాత్రం నడపకు. టచ్‌డిజైనర్ ఉచిత వెర్షన్‌కి 1280×1280 దాకానే పరిమితి ఉందన్నది గుర్తుంచుకో, కాబట్టి ఫుల్ హెచ్‌డీ చేసి లాభం లేదు.

రెండో దారే నాకు ఎక్కువ ఇష్టం. నువ్వు 40 సెకన్ల క్లిప్ పెట్టావు. ఎందుకు? నాడె ఒకసారి అటు పోయి ఇటు రావడానికి ఎంతసేపు పడుతుందో నీ ఫుటేజీలోనే చూడు. స్లోగా తీసినా 4 సెకన్లు. ఆ 4 సెకన్లే ఉంచు. 100 ఫ్రేములు. అన్నిటినీ విడివిడి బొమ్మలుగా ముందే మెమరీలోకి ఎక్కించేస్తే 1280×720 దగ్గర ఒక్కోటి 3.7 ఎంబీ, మొత్తం కలిపి 370 ఎంబీ దాకా. ఇంక వెతుక్కోవడం లేదు, లెక్కలు కట్టడం లేదు, చేయి ఎక్కడుంటే ఆ బొమ్మ. 40 సెకన్ల క్లిప్‌లో చేయి ఒక్క జానెడు కదిలితే నాడె రెండు సార్లు పోయి వచ్చేసేది, చూసేవాళ్లకి తమ చేతికీ దానికీ సంబంధం తెలిసేది కాదు. 4 సెకన్లలో తెలుస్తుంది. ఇది కూడా ఎడిటింగే, కాకపోతే టైమ్‌లైన్ మీద నడిచేది ప్లేహెడ్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో జరిగే గీత) కాదు, ఎదుటి మనిషి చేయి.

ఇప్పుడు నాలుగు గంటల తర్వాత కెమెరాకి కళ్లు కనపడకపోవడం. నీ హాల్లో పడమటి వైపు కిటికీ ఉండుంటుంది. మొదట వెబ్‌క్యామ్‌లో ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ రెండూ ఆపేయి. అవి ఆన్‌లో ఉంటే వెలుతురు మారిన ప్రతిసారీ కెమెరా తనంతట తను సర్దుకుంటుంది, నీ ప్రోగ్రామ్ "వెనక ఉన్నదంతా మారిపోయింది, ఇదంతా చేయే" అనుకుంటుంది. పైగా చాలా వెబ్‌క్యామ్‌లు చీకటి పడితే సెకనుకి 30 ఫ్రేముల నుంచి 15కి దిగిపోతాయి, అక్కడ స్పందన ఇంకా మందగిస్తుంది. ప్రొజెక్టర్ వెలుతురు చేతి మీద పడి కెమెరా దాన్నీ పట్టుకుంటుంటే అదింకో తలనొప్పి. దానికి పెద్దపెద్ద ఇన్‌స్టలేషన్లలో ఇన్‌ఫ్రారెడ్ లైటు వేసి, మామూలు వెలుతురుని ఆపే ఫిల్టర్ కెమెరాకి పెడతారు, అప్పుడు తెర మీద ఏం నడుస్తున్నా కెమెరాకి పెద్దగా కనపడదు.

కానీ నిజం చెప్పాలంటే, నీ స్థానంలో నేనుంటే కెమెరానే తీసేస్తాను.

ఎందుకో చెప్తాను. గ్యాలరీలోకి వచ్చే మనిషికి చిన్నప్పట్నుంచీ నేర్పింది ఒకటే, ముట్టుకోకు. సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి మొన్నటి కాలేజీ ప్రదర్శన దాకా ఇదే నేర్పాం. ఆ మనిషి ఖాళీ గాల్లో చేయి ఆడించాలని ఎలా అనుకుంటాడు? నువ్వు పక్కన నిలబడి "ఇలా ఊపండి సార్" అని చెప్పాల్సి వస్తుంది, నువ్వు టీకి వెళ్లిన పది నిమిషాలు అది చచ్చిన గోడ. ఈ రకం కళలో నిలిచిన పనులన్నిటిలో నాకు కనిపించేది ఒకటే, ఏం చేయాలో చెప్పక్కర్లేదు. వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ 1963లో జర్మనీలోని వుప్పర్టాల్‌లో టీవీలతో ప్రదర్శన పెట్టినప్పుడు ఒక టీవీకి మైకు తగిలించాడు, మాట్లాడితే తెర మీద గీతలు మారతాయి. మైకు కనిపిస్తే మాట్లాడమని వేరే చెప్పాలా? 1999లో కమీల్ అటర్‌బాక్, రోమీ అచిటువ్ చేసిన పనిలో తెర మీద నీ ఆకారం కనిపిస్తుంది, పైనుంచి అక్షరాలు వానలా పడి నీ భుజాల మీద ఆగుతాయి. పిల్లలైతే వెంటనే చేతులు చాపి పట్టుకుంటారు. రఫాయెల్ లొజానో హెమ్మర్ 2006లో గది నిండా బల్బులు వేలాడదీశాడు, రెండు చేతులతో పట్టుకునే పిడి ఒకటి పెట్టాడు, పట్టుకుంటే నీ గుండె కొట్టుకున్నట్టు బల్బు కొట్టుకుంటుంది. ఆ పిడే పిలుస్తుంది.

నీ దగ్గర ఇంతకంటే మంచి పిడి ఉంది. నాడె. అసలు నాడె. మీ తాతయ్య చేతిలో ఏళ్లకేళ్లు అరిగి నున్నబడిన నాడె ఒకటి ఇంట్లో ఉండే ఉంటుంది కదా. ఒక మీటరు పొడవు చెక్క గాడి చేయించి, దాన్ని అందులో పెట్టు. తోస్తే జారాలి, ఊడి రాకూడదు. గాడి ఒక చివర దూరం కొలిచే చిన్న సెన్సర్, దాని రీడింగుని ల్యాప్‌టాప్‌కి పంపే ఆర్డుయినో అనే చిన్న బోర్డు. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్ 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా కొలుస్తుంది, సికింద్రాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కొట్లలో ఏదో ఒకచోట దొరుకుతుంది, ఖర్చు వందల్లోనే. అది శబ్ద తరంగాలతో కొలుస్తుంది కాబట్టి నాలుగు గంటల ఎండతో దానికి పని లేదు. నాడె మొన సన్నగా ఉంటుంది, తరంగం సరిగా వెనక్కి రాదు, అందుకని సెన్సర్ వైపు అరచేయంత చదునైన అట్టముక్క నిలువుగా అతికించు. రీడింగులు అప్పుడప్పుడూ పిచ్చిగా వస్తాయి, మూడేసి తీసుకుని మధ్యదాన్ని వాడు. ఆపైన కొద్దిగా మెత్తదనం కావాలి: పాత విలువలో 70 శాతం, కొత్త విలువలో 30 శాతం కలిపితే వణుకు పోతుంది. మరీ మెత్తగా చేస్తే చేయి ఆగిపోయాక కూడా నాడె జారుతూనే ఉంటుంది, అది ఇంకా చిరాకు. చేతికీ తెరకీ మధ్య సెకనులో పదో వంతు దాటితే మనిషికి తెలిసిపోతుంది, కాబట్టి ప్రొజెక్టర్‌లో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చెయ్యి, ఆటో కీస్టోన్ (బొమ్మ వంకరని తనంతట తనే సరిచేయడం) లాంటివి ఆపేయి, అవి కూడా ఆలస్యాన్ని కలుపుతాయి.

నాడెని గాడికి దారంతో కట్టి బోల్టు వెయ్యి. మొదటి రోజే పిల్లలు దాన్ని పీకి చూస్తారు, తప్పు వాళ్లది కాదు. పక్కన "తోసి చూడండి" అని తెలుగులో రెండు మాటల బోర్డు, అంతే. ఎవరూ లేనప్పుడు తెర మీద ఏముండాలి అన్నది కూడా ఇప్పుడే నిర్ణయించుకో. 20 సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే నాడె తెర మీద నెమ్మదిగా మధ్యకి వచ్చి ఆగిపోవాలి, ఆగి సన్నగా కదలాలి. నల్ల తెర పెట్టకు. చెడిపోయిందనుకుని వెళ్లిపోతారు.

సరే, అసలు విషయానికి వస్తాను, 9 నిమిషాలా 3 నిమిషాలా.

మీ సార్ చూసింది నిజమే. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో గొప్ప కళాఖండం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో కొలిస్తే సగటు 27.2 సెకన్లు తేలింది. అంత పేరున్న బొమ్మల ముందే అంత. నీ వీడియో ముందు 9 నిమిషాలు నిలబడతారని ఎవరూ ఆశపెట్టుకోలేరు. కానీ ఆ లెక్క ప్రకారం 3 నిమిషాలు కూడా ఎక్కువే కదా. 27 సెకన్లకి కుదిస్తావా? పొడవు తగ్గించడం దీనికి మందు కాదు. సినిమా హాల్లో తలుపు మూస్తారు, మొదట్నుంచీ చూస్తారు, మధ్యలో లేచిపోవాలంటే మొహమాటం. గ్యాలరీలో తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. నీ వీడియో ఏ నిమిషంలో ఉందో తెలియకుండా వస్తారు, తమకి చాలనిపించినప్పుడు వెళ్తారు. నువ్వు 9 నిమిషాలూ వరుసగా ఒక కథలా కట్టావు: ఆసు, చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలుకి ముడులు వేయడం), రంగు, పడుగు (నిలువు పోగులు), నేత, మడత. ఆరో నిమిషంలో వచ్చినవాళ్లకి ఆ తాడు దొరకదు. దాన్నే 3 నిమిషాలకి కోసినప్పుడు ఏం పోయింది? పని కానిదంతా పోయింది. తాతయ్య కళ్లద్దాలు తుడుచుకోవడం, తెగిన పోగు ముడేస్తూ ఎవరినో పిలవడం, ఏమీ చేయకుండా కూర్చోవడం. కథ మిగిలింది, మనిషి పోయాడు.

చిన్నప్పుడు మా ఊళ్లో తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. రాత్రంతా సాగేది. మేం వాలి సుగ్రీవుల దగ్గర నిద్రపోయి లంకాదహనం దగ్గర లేచేవాళ్లం, ఏం పోయిందని ఎవరూ బాధపడేవాళ్లు కాదు. పెద్దవాళ్లు మధ్యలో ఇంటికి పోయి మళ్లీ వచ్చేవాళ్లు. రామాయణం అందరికీ తెలుసు కాబట్టి మాత్రమే అనుకునేవాణ్ణి. తర్వాత ఎడిటింగ్ చేస్తూ చేస్తూ తెలిసింది, దాన్ని కట్టిన తీరే అలాంటిది. ఎక్కడికక్కడ ఒక పద్యం, ఒక యుద్ధం, బంగారక్కా కేతిగాడూ వచ్చి ఒక హాస్యం, ప్రతి ముక్కకీ దాని రుచి దానికే ఉండేది. ఎప్పుడు కళ్లు తెరిచినా ఏదో ఒకటి మొదలై పూర్తయ్యేది. మీ తాతయ్య కథ ఎవరికీ ముందే తెలియదు కాబట్టి నీకు ఆ ముక్క కట్టుడు ఇంకా ఎక్కువ అవసరం.

కాబట్టి నా సలహా ఇది. 3 నిమిషాల వెర్షన్ పక్కన పెట్టు, పాత 9 నిమిషాల టైమ్‌లైన్ కూడా పక్కన పెట్టు. ఫుటేజీకి తిరిగి వెళ్లు. 60 నుంచి 90 సెకన్ల ముక్కలు ఆరో ఏడో కట్టు. ప్రతి ముక్కలో ఒక పని మొదలై పూర్తవ్వాలి, కండె చుట్టడం కావచ్చు, పోగు తెగి అతకడం కావచ్చు. ప్రతి ముక్కలో ఒక్కసారైనా తాతయ్య ముఖం ఉండాలి, ఒక్కసారైనా ఆయన పని ఆపాలి. ఆ ఆగే చోటే చూసేవాళ్లు ఆయన్ని చూస్తారు, అప్పటిదాకా చేతుల్ని చూస్తుంటారు. ముక్కకీ ముక్కకీ మధ్య నలుపు వేయకు, అది వెళ్లిపొమ్మని చెప్పడం లాంటిది. పేర్లు, టైటిళ్లు, "మా తాతయ్య 50 ఏళ్లుగా" లాంటి వాక్యాలు వీడియో మొదట్లో పెట్టకు, మొదలు అనేదే లేదు కదా. అవన్నీ గోడ మీద అట్టకి పంపు. ఆ అట్ట మీద నిడివి కూడా రాయి: 9 నిమిషాలు, ఆగకుండా తిరుగుతుంది. ఎంతసేపో తెలిస్తే ఉందామా వద్దా అని వాళ్లే తేల్చుకుంటారు, ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు.

చివరికీ మొదటికీ అతుకు కనపడకూడదు. ఆఖరి షాట్‌లో నాడె ఎడమ నుంచి పడుగులోకి దూరుతున్నప్పుడు కట్ చేసి, మొదటి షాట్‌లో కుడి నుంచి బయటికి వస్తున్నట్టు పెడితే ఎవరూ పట్టుకోలేరు. వెలుతురు కూడా చూసుకో, ఆఖరి షాట్ సాయంత్రం ఎండలో, మొదటిది పొద్దున తీసి ఉంటే అతుకు అరుస్తుంది. క్రిస్టియన్ మార్‌క్లే 2010లో 24 గంటల వీడియో ఒకటి చేశాడు, సినిమాల్లో గడియారాలు కనిపించే ముక్కలన్నీ ఏరి, తెర మీద టైము, చూసేవాళ్ల చేతి గడియారంలో టైము ఒకటే ఉండేలా కట్టాడు. ఎప్పుడు లోపలికి వెళ్లినా నువ్వు సరిగ్గా సమయానికి వచ్చినట్టే. వెనిస్ బియెనాలె అనే పెద్ద కళా ప్రదర్శనలో 2011లో దానికి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. నీది 9 నిమిషాలే అయినా అడగాల్సిన ప్రశ్న అదే, ఏ క్షణంలో వచ్చినా సరిగ్గా వచ్చామనిపిస్తోందా లేదా. పరీక్ష చాలా సులువు. హాస్టల్లో ఐదుగురిని పిలువు, ఒక్కొక్కరికి వేర్వేరు చోట నుంచి మొదలుపెట్టి చూపించు, ఎప్పుడు ఫోన్ తీశారో రాసుకో.

ఇంకొకటి, దీని గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మీ తాతయ్యది గుంట మగ్గం అన్నావు. ఆయన కాళ్లు గుంటలో, ఒళ్లు నేల మట్టంలో. నువ్వేమో ప్రొజెక్షన్‌ని నిలబడినవాళ్ల కళ్ల ఎత్తులో, గోడ మధ్యలో వేశావు. కిందకి దింపు. బొమ్మ అడుగు అంచు నేలకి జానెడు ఎత్తులో ఉండనీ. ఎదురుగా నాలుగు పీటలు వెయ్యి, లేదా ఒక పొట్టి బల్ల. కూర్చుంటే తాతయ్య కళ్లూ వాళ్ల కళ్లూ ఒకే ఎత్తులో కలుస్తాయి. నా అనుభవంలో జనం నిలబడ్డ చోట కంటే కూర్చున్న చోట ఎన్నో రెట్లు ఎక్కువసేపు ఉంటారు. నిడివి గురించి మీ సార్‌తో వాదించే బదులు ముందు పీటలు వేసి చూపించు.

బొమ్మకీ చప్పుడుకీ పొంతన కుదరడం లేదని ప్రశ్న చివర్లో ఒక ముక్క రాశావు. ఫోన్‌తో తీశావు కదా, ఫోన్లు సెకనుకి ఫ్రేముల సంఖ్యని స్థిరంగా ఉంచవు, వెలుతురుని బట్టి మారుస్తుంటాయి. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో పొడవాటి షాట్‌లలో చప్పుడు మెల్లగా జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉండేలా ముందు అన్ని క్లిప్పులూ మార్చుకో, ఆ తర్వాతే ఎడిటింగ్. తాతయ్య గదిలో ట్యూబ్‌లైటు కింద తీసిన షాట్‌లలో గీతలు పాకుతున్నాయంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటు వల్ల. ఇంకో రోజు పోచంపల్లి వెళ్లే వీలుంటే షటర్ 1/50 లేదా 1/100 పెట్టి ఆ షాట్‌లు మళ్లీ తీయి.

చప్పుడు గురించి ఇంకో మాట. హాలు పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా అన్నావు. 8 గంటలు, 9 నిమిషాల లూప్, అంటే రోజుకి 53 సార్లు. చూసేవాళ్లు ఒకసారి వింటారు, అక్కడ స్టూలు వేసుకుని కూర్చునే వాచ్‌మన్ 53 సార్లు వింటాడు. ఆయన గురించి కూడా ఆలోచించి మిక్స్ చెయ్యి, గట్టిగా కొట్టే చప్పుళ్లు తగ్గించు. నేనైతే చప్పుడుని వీడియో నుంచి విడదీసి వేరే ప్లేయర్‌లో వేరే నిడివితో పెడతాను. మగ్గం చప్పుడు, వీధిలో చప్పుళ్లు కలిపి ఒక 7 నిమిషాల ట్రాక్. 9కీ 7కీ పొంతన ఉండదు కాబట్టి అదే బొమ్మ మీద అదే చప్పుడు మళ్లీ పడటానికి గంటకి పైనే పడుతుంది. పెదాలు కదిలే చోట, నాడె కొట్టే చోట మాత్రం ఇది కుదరదు, వాటిని వీడియోలోనే ఉంచాలి.

నా రెండో ప్రదర్శనలో నేను పెట్టిన సెన్సర్ రోజూ మధ్యాహ్నం మొరాయించేది. మూడు రోజులు కోడ్ చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు అక్కడి అటెండర్ గారు వచ్చి, "బాబూ, ఎదురింటి అద్దం మీద ఎండ పడి ఇటు కొడుతోంది, ఆ పరదా వేస్తే పనిచేస్తోంది, నేను రోజూ వేస్తున్నా" అన్నారు. నేను భోజనానికి వెళ్లినప్పుడు ఆయనే నడిపిస్తున్నారు దాన్ని. అప్పట్నుంచీ ఏ హాల్లో పని చేసినా రోజూ సాయంత్రం వాచ్‌మన్‌నో అటెండర్‌నో అడుగుతాను, జనం ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వారు, ఏ సీన్‌లో వెళ్లిపోయారు అని. వాళ్లు చూసినంత ఎవరూ చూడరు. వాళ్ల మాట విని ప్రదర్శన మధ్యలో రెండుసార్లు ఎడిట్ మార్చాను కూడా.

అమర్చేటప్పుడు పనికొచ్చేవి గబగబా చెప్పేస్తాను. ల్యాప్‌టాప్ ఒకటే కాబట్టి అది నాడెకి, 9 నిమిషాల వీడియో ప్రొజెక్టర్ యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ నుంచి. అలా నడిపినప్పుడు చాలా ప్రొజెక్టర్లలో ఫైల్ అయిపోయి మళ్లీ మొదలయ్యేచోట ఒకటి రెండు సెకన్లు నల్ల తెరో ఫైల్ పేరో కనిపిస్తుంది. దానికి ఉపాయం, లూప్‌ని టైమ్‌లైన్‌లో 6 సార్లు వరుసగా పెట్టి 54 నిమిషాల ఒక్క ఫైల్ చేయడం. 8 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో 3.2 జీబీ అవుతుంది. 4 జీబీ దాటనివ్వకు, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ అంతకంటే పెద్ద ఫైల్ తీసుకోదు. ప్రొజెక్టర్ ఎంత దూరంలో పెట్టాలో ముందే లెక్క వేసుకో, దాని త్రో రేషియోని బొమ్మ వెడల్పుతో గుణిస్తే దూరం వస్తుంది, రేషియో 1.5, బొమ్మ 2 మీటర్లు అయితే 3 మీటర్లు. నాడె దగ్గర నిలబడేవాళ్ల నీడ తెర మీద పడకుండా పైనుంచి వెయ్యి. ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు, నోటిఫికేషన్లు, స్లీప్ అన్నీ ఆపు, ఆన్ చేయగానే ప్రోగ్రామ్ తనంతట తనే తెరుచుకునేలా పెట్టు. కరెంటు పోయి వస్తే ప్రొజెక్టర్ తిరిగి వెలిగేలా మెనూలో డైరెక్ట్ పవర్ ఆన్ ఉందేమో చూడు. ప్రదర్శనకి ముందు కనీసం ఒక పూర్తి రోజు, 8 గంటలు, ఆపకుండా నడిపి చూడు. పది నిమిషాల టెస్ట్‌లో కనపడని తప్పులు ఐదో గంటలో కనిపిస్తాయి.

చివరగా పోర్ట్‌ఫోలియో వీడియో. కొచ్చి స్టూడెంట్స్ బియెనాలెకైనా, పై చదువుకైనా నువ్వు పంపేది అదే, అసలు పనిని వాళ్లు చూడలేరు. ఇంటరాక్టివ్ పనిని షూట్ చేసి ఎడిట్ చేయడంలో అందరూ చేసే తప్పు, చేయి క్లోజప్, కట్, తెర క్లోజప్, కట్, నవ్వుతున్న ముఖం. సినిమాలో ఇది పనిచేస్తుంది. ఇక్కడ మాత్రం కట్ పడిన చోటే నమ్మకం పోతుంది, చేయి వల్లే తెర కదిలిందని చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? చేయి, నాడె, తెర మూడూ ఒకే ఫ్రేములో ఉండే కదలని షాట్ ఒకటి తీయి, కట్ లేకుండా 30 సెకన్లు. మొదట అదే పెట్టు. సంగీతం వేయకు, హాల్లో వినిపించే చప్పుడే ఉండనీ. మొత్తం 2 నిమిషాలు దాటక్కర్లేదు. డీఎల్‌పీ ప్రొజెక్టర్ అయితే కెమెరాలో రంగు గీతలు వస్తాయి, షటర్ 1/60 పెడితే చాలావరకు పోతాయి, కానీ అదే షాట్‌లో ట్యూబ్‌లైటు ఉంటే 50 హెర్ట్జ్ గొడవ మళ్లీ వస్తుంది కాబట్టి ఆ లైట్లు ఆర్పేసి తీయి. ముఖాలు కనిపించేవాళ్లని అడిగి తీయి, పిల్లలైతే వాళ్ల అమ్మానాన్నల్ని అడుగు.

క్రమం ఇలా పెట్టుకో. ఈ రాత్రికి 4 సెకన్ల ముక్క కోసి, మెమరీలోకి ఎక్కించి, మౌస్‌తో వెనక్కీ ముందుకీ జరిపి చూడు. గెంతులు పోతే ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి నాడె పంపమను. వడ్రంగికి గాడి ఇవ్వడానికి రెండు రోజులు, సెన్సర్‌కి రెండు రోజులు, మిగతా రోజులన్నీ తాతయ్య ఫుటేజీకే. వీలైతే ఆయన్ని ప్రదర్శనకి తీసుకురా, ముందు రోజు సాయంత్రం, జనం లేనప్పుడు. ఆ పీట మీద కూర్చోబెట్టి నాడె ఆయన చేతికివ్వు. ఆయన తోసే వేగానికి నీ సెన్సర్ నిలబడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది, మనలాంటి వాళ్లం తోసినట్టు ఆయన తోయరు. అందుకని స్క్రూడ్రైవర్, ల్యాప్‌టాప్ ఛార్జర్ దగ్గర పెట్టుకో, ఆ రాత్రి విలువలు మార్చాల్సి రావచ్చు. ఏం జరిగిందో ఇక్కడే రాయి, ఎక్కడైనా ఆగిపోతే ఆ భాగం కోడ్ కూడా పెట్టు, చూస్తాను.